అమెరికాలో చదువుకుంటూ అమ్మానాన్నలైతే: ఎవరిని, ఎప్పుడు, ఏం అడగాలి

ఎంఎస్ రెండో సెమిస్టర్, ఫిబ్రవరిలో నాకు ప్రెగ్నెన్సీ కన్ఫర్మ్ అయింది. డ్యూ డేట్ అక్టోబర్ మూడో వారం, అంటే కరెక్ట్‌గా మిడ్‌టర్మ్స్ మీద. సంతోషం ఒక పక్క, ఇంకో పక్క బుర్రలో తిరిగింది మొత్తం వీసానే, నాది ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా. క్లాసులు పోతే ఏంటి, ఫుల్ లోడ్ తొమ్మిది క్రెడిట్లు లాగలేకపోతే ఏంటి, ఆర్ఏ (ప్రొఫెసర్ కింద రీసెర్చ్ అసిస్టెంట్ పని) తీసేస్తే ఫీజు ఎవరు కడతారు, మా ఆయన కూడా ఎఫ్-1 మీదే. వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒక అక్క "ఒక సెమ్ డ్రాప్ చేసెయ్, ఏం కాదు" అంది, ఇంకో అన్నయ్య "డ్రాప్ చేస్తే స్టేటస్ పోతుందమ్మా, ఇండియా వెళ్లిపో" అన్నారు. తర్వాత తెలిసింది ఏంటంటే ఇద్దరూ సగం సగం కరెక్ట్. చట్టం మన వైపే ఉంది, కానీ సరైన ఆఫీసుని సరైన టైములో రాతపూర్వకంగా అడిగితేనే అది పని చేస్తుంది, పైగా ఏది ముందు ఏది వెనక అన్న వరస తప్పితే ఎఫ్-1 వాళ్లకి పెద్ద దెబ్బ. అందుకే ఆ వరసలోనే రాస్తున్నా. గ్రీన్‌కార్డ్, సిటిజన్ పిల్లలకి పనికొచ్చేవి కూడా మధ్యలో చెప్తాను. మీ కేసులో ఏదైనా చిక్కుంటే మాత్రం లాయర్‌తో మాట్లాడండి, చాలా యూనివర్సిటీల్లో స్టూడెంట్ లీగల్ సర్వీసెస్ అని ఒక ఆఫీసు ఉంటుంది, స్టూడెంట్ ఫీజులోనే కవర్ అవుతుంది, చాలామందికి అది ఉందనే తెలియదు.

మొదటి స్టెప్: టైటిల్ నైన్ అంటే ఏంటో తెలుసుకోండి

టైటిల్ నైన్ అనగానే లైంగిక వేధింపుల కంప్లైంట్లు, ఆడపిల్లల స్పోర్ట్స్ గుర్తొస్తాయి, ఓరియెంటేషన్‌లో చెప్పేది కూడా అంతే. కానీ 1972లో వచ్చిన ఈ చట్టం కింద 1975లో చేసిన రూల్స్‌లోనే గర్భిణీ విద్యార్థుల గురించి విడిగా రాసి ఉంది. ఫెడరల్ డబ్బు తీసుకునే ప్రతి కాలేజీకీ వర్తిస్తుంది, అంటే ప్రైవేటువి కూడా దాదాపు అన్నీ. మీ వీసా ఏంటన్నది దీనికి సంబంధం లేదు, మీరు అక్కడ స్టూడెంట్ అయితే చాలు.

అందులో మనకి కావాల్సినవి ఇవి. ప్రెగ్నెన్సీ, డెలివరీ, అబార్షన్, వాటి నుంచి కోలుకోవడం, వీటిలో దేని వల్ల అయినా మిమ్మల్ని క్లాసు నుంచో ప్రోగ్రామ్ నుంచో పక్కన పెట్టకూడదు. వేరే తాత్కాలిక అనారోగ్యం ఉన్న స్టూడెంట్‌ని ఎలా చూస్తారో మిమ్మల్నీ అలాగే చూడాలి, అంటే కాలు విరిగినవాడికి మేకప్ ఎగ్జామ్ ఇస్తే మీకూ ఇవ్వాలి. మిగతా పేషెంట్లని అడగని డాక్టర్ సర్టిఫికెట్ మిమ్మల్ని మాత్రమే అడగకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, మీ డాక్టర్ ఎంతకాలం అవసరం అంటే అంతకాలం లీవ్ ఇవ్వాలి, తిరిగొచ్చాక మీరు ఏ స్థితిలో వెళ్లారో అదే స్థితిలో కూర్చోబెట్టాలి. కాలేజీలో లీవ్ పాలసీ అనేదే లేకపోయినా ఇది ఇవ్వాల్సిందే.

ఇక్కడ ఒక జాగ్రత్త. 2024 ఆగస్టులో కొత్త టైటిల్ నైన్ రూల్స్ వచ్చాయి, వాటిలో పాలు పంప్ చేసుకునే గది లాంటివి స్పష్టంగా రాశారు. 2025 జనవరి 9న కెంటకీలోని ఫెడరల్ కోర్టు ఆ రూల్స్ మొత్తాన్ని కొట్టేసింది. కానీ చాలా వెబ్‌సైట్లలో ఆ 2024 మాటలు అలాగే ఉండిపోయాయి, వాటిని పట్టుకుని మీటింగ్‌కి వెళ్తే "అది ఇప్పుడు లేదు" అని ఒక్క మాటతో పంపించేస్తారు. నేను పైన చెప్పినవి మాత్రం పాత రూల్స్‌లోనివి, వాటికి ఏమీ కాలేదు.

దీనికి పైన రాష్ట్రాల చట్టాలు కొన్ని ఉన్నాయి. కాలిఫోర్నియాలో ప్రెగ్నెన్సీ లీవ్ తీసుకున్న గ్రాడ్ స్టూడెంట్‌కి క్వాలిఫయింగ్ ఎగ్జామ్స్‌కి, డిగ్రీ పూర్తి చేయడానికి కనీసం 12 నెలలు ఎక్స్‌ట్రా టైమ్ ఇవ్వాలి, బిడ్డని కనని పేరెంట్‌కి కూడా కనీసం ఒక నెల. టెక్సాస్‌లో 2023లో వరసగా చట్టాలు చేశారు, పబ్లిక్ యూనివర్సిటీల్లో పేరెంట్ స్టూడెంట్స్ కోసం ఒక లైజాన్ ఆఫీసర్ ఉండాలి, కోర్స్ రిజిస్ట్రేషన్ కూడా ముందుగా చేసుకోనివ్వాలి. ముందు రిజిస్ట్రేషన్ అంటే చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ డేకేర్ ఆరింటికి మూసేస్తే సాయంత్రం సెక్షన్ ఒక్కటే మిగిలినవాళ్లకి తెలుస్తుంది దాని విలువ.

రెండో స్టెప్: టైటిల్ నైన్ కోఆర్డినేటర్‌కి మెయిల్

ప్రతి కాలేజీకీ ఒక టైటిల్ నైన్ కోఆర్డినేటర్ ఉండి తీరాలి, పేరు, ఫోన్, ఈమెయిల్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. మనవాళ్లు ముందు ప్రొఫెసర్ దగ్గరికి వెళ్తారు, సర్‌ని బతిమాలితే అయిపోతుంది కదా అని. నేనూ అదే చేశాను. ఆయన మంచాయనే, "చూద్దాంలే" అన్నారు, ఆ చూద్దాంలే దగ్గరే ఆరు వారాలు పోయాయి. కోఆర్డినేటర్‌కి రాస్తే అది ఆఫీసు రికార్డు, ప్రొఫెసర్ మంచితనం మీద ఆధారపడక్కర్లేదు.

మెయిల్ చిన్నగా రాయండి. నేను ఫలానా డిపార్ట్‌మెంట్ స్టూడెంట్‌ని, గర్భవతిని, డ్యూ డేట్ ఇది, టైటిల్ నైన్ కింద అకడమిక్ అడ్జస్ట్‌మెంట్లు అడుగుతున్నాను, అవి ఇవీ అని నాలుగు లైన్లలో పెట్టండి. అపాయింట్‌మెంట్ల రోజు ఆబ్సెన్స్ ఎక్స్‌క్యూజ్ చేయాలి, అక్టోబర్ మిడ్‌టర్మ్ ముందో వెనకో రాయనివ్వాలి, ల్యాబ్‌లో ఫలానా సాల్వెంట్లకి దూరంగా ఉండే పని ఇవ్వాలి, డెస్క్‌కి బదులు టేబుల్ కుర్చీ కావాలి, ఇలా. చివరి నెలల్లో ఆ అతికించిన డెస్క్ కుర్చీల్లో పొట్ట పట్టదు, నవ్వులాట కాదు నిజంగానే పట్టదు. "నాకు సహాయం చేయండి" అని కాకుండా ఏం కావాలో వస్తువు వస్తువుగా అడిగితే వాళ్లకీ పని సులువు. మీటింగ్ నోటిమాటగా జరిగితే ఇంటికొచ్చి "ఈరోజు మనం అనుకున్నవి ఇవి" అని మళ్లీ ఒక మెయిల్ కొట్టండి, అది మీ దగ్గర ఉండే కాగితం.

మూడో స్టెప్, ఎఫ్-1 వాళ్లకి ప్రాణం లాంటిది: డీఎస్ఓ, డాక్టర్ లెటర్

టైటిల్ నైన్ కింద కాలేజీ లీవ్ ఇచ్చినంత మాత్రాన ఇమ్మిగ్రేషన్ వైపు క్లియర్ అయినట్టు కాదు. ఈ రెండూ వేరు వేరు పట్టాలు. మీరు డాక్టర్ చెప్పారని, టైటిల్ నైన్ ఆఫీసు ఓకే అందని కోర్స్ డ్రాప్ కొట్టేసి, తర్వాత వారం డీఎస్ఓకి (కాలేజీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్ల వీసా రికార్డులు చూసే ఆఫీసర్‌కి) చెప్తే అప్పటికే స్టేటస్ వయొలేషన్. డ్రాప్ బటన్ నొక్కే ముందే డీఎస్ఓ సెవిస్‌లో, అంటే స్టూడెంట్ వీసా వాళ్ల ప్రభుత్వ రికార్డులో, ఆథరైజ్ చేయాలి, ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి చాలు.

దాన్ని మెడికల్ రెడ్యూస్డ్ కోర్స్ లోడ్ అంటారు. మెడికల్ కారణమైతే తగ్గించుకోవడమే కాదు, సున్నా క్రెడిట్లతో కూడా అమెరికాలోనే ఉండొచ్చు. ఒక డిగ్రీ లెవెల్‌కి మొత్తం కలిపి 12 నెలలు, ఎంఎస్‌లో ఒక లెక్క, తర్వాత పీహెచ్‌డీకి వెళ్తే మళ్లీ కొత్త లెక్క. ప్రతి సెమిస్టర్‌కీ కొత్త లెటర్‌తో మళ్లీ ఆథరైజ్ చేయించుకోవాలి, ఒకసారి ఇచ్చారు కదా అని ఊరుకోకూడదు.

లెటర్ దగ్గరే నేను ఇరుక్కున్నాను. మా క్లినిక్‌లో నన్ను చూసేది మిడ్‌వైఫ్, చాలా బాగా చూసింది, లెటర్ కూడా తనే రాసి సంతకం పెట్టింది. డీఎస్ఓ వెనక్కి పంపేశారు. రూల్ ప్రకారం ఆ లెటర్ ఇవ్వగలిగేది లైసెన్స్ ఉన్న ఎండీ, డీఓ అంటే ఆస్టియోపతీ డాక్టర్, లేదా క్లినికల్ సైకాలజిస్ట్, ఈ ముగ్గురే. నర్స్ ప్రాక్టీషనర్, మిడ్‌వైఫ్ సంతకం చెల్లదు. అప్పటికి యాడ్-డ్రాప్ డెడ్‌లైన్ నాలుగు రోజులే ఉంది, నేను క్లినిక్ ఫ్రంట్ డెస్క్ ముందు ఎనిమిదో నెల పొట్టతో గంటన్నర కూర్చుంటే చివరికి అక్కడి ఎండీ పేషెంట్‌కీ పేషెంట్‌కీ మధ్యలో బయటికొచ్చి కొత్త లెటర్ మీద సంతకం పెట్టారు. మీరు అంతదాకా తెచ్చుకోకండి, రెండో ట్రైమెస్టర్‌లోనే అడిగి పెట్టుకోండి. లెటర్‌లో "ప్రెగ్నెంట్" అని రాస్తే సరిపోదు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎన్ని క్రెడిట్లు లేదా అసలు వద్దు అని స్పష్టంగా ఉండాలి.

బిడ్డని చూసుకోవడం అనేది మెడికల్ కారణం కింద రాదు, మీ శరీరం కోలుకోవడం మాత్రమే వస్తుంది. కానీ కోలుకోవడం అంటే కుట్లు మానడం ఒక్కటే కాదు. డెలివరీ అయ్యాక ఊరికే ఏడుపొస్తుంటే, నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే, మన ఇళ్లలో "బాలింతకి అలాగే ఉంటుందిలే" అని సర్దేస్తారు. అది డిప్రెషన్ కావచ్చు, దానికి మందుంది, క్లినికల్ సైకాలజిస్ట్ లెటర్ కూడా పైన చెప్పినట్టు చెల్లుతుంది. దయచేసి దాచుకోకండి.

ఇంకో రెండు మాటలు. మెడికల్ కాకుండా మామూలు లీవ్ ఆఫ్ ఆబ్సెన్స్ తీసుకుంటే సెవిస్ రికార్డు ముగుస్తుంది, 15 రోజుల్లో దేశం విడిచి వెళ్లాలి, అయిదు నెలలు దాటి బయట ఉంటే సీపీటీ (చదువుకుంటూ చేసే ఇంటర్న్‌షిప్ లాంటి పని), ఓపీటీ (చదువయ్యాక చేసే పని) పర్మిషన్లకి కావాల్సిన ఏడాది చదువు లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలు. కాబట్టి ఫామ్‌లో ఏ లీవ్ టిక్ చేస్తున్నారో రెండుసార్లు చూడండి. రెండోది, సెమిస్టర్ వెనక్కి జరిగితే ఐ-20 (ఎఫ్-1 కోసం కాలేజీ ఇచ్చే కాగితం) ఎండ్ డేట్ కూడా జరపాలి, మెడికల్ కారణం చూపిస్తే డీఎస్ఓ ఎక్స్‌టెండ్ చేయగలరు కానీ ఆ ఎండ్ డేట్ దాటకముందే. డ్యూ డేట్ సమ్మర్‌లో పడితే మీరు అదృష్టవంతులు, ఒక అకడమిక్ ఇయర్ పూర్తయ్యాక సమ్మర్ వెకేషన్‌లో ఎన్‌రోల్ అవ్వక్కర్లేదు, ఈ లెటర్ల గొడవే లేదు.

నాలుగో స్టెప్: ఇప్పుడు ప్రొఫెసర్లు

పై రెండు ఆఫీసుల పని అయ్యాక ప్రొఫెసర్ దగ్గరికి వెళ్తే సంభాషణే మారిపోతుంది. సిలబస్‌లో "రెండు ఆబ్సెన్సులు దాటితే గ్రేడ్ కట్" అని ఉన్నా, మెడికల్‌గా అవసరమైన ఆబ్సెన్స్‌కి అది వర్తించదు, ప్రొఫెసర్ సొంత రూల్ ఫెడరల్ రూల్ కంటే పెద్దది కాదు. అటెండెన్స్‌కి మార్కులుంటే పోయిన మార్కులు సంపాదించుకునే దారి చూపించాలి, ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ 2013లో ఇచ్చిన వివరణలో ఇదే ఉంది. సెమిస్టర్ చివర్లో డెలివరీ అయితే ఇన్‌కంప్లీట్ గ్రేడ్ (మిగిలిన పని తర్వాత పూర్తి చేసే వీలు) అడగండి, డ్రాప్ కంటే అదే మేలు, కట్టిన ఫీజు పోదు. ఏ తేదీలోపు పూర్తి చేయాలో రాసుకోండి, లేకపోతే చాలా చోట్ల అది దానంతటదే ఎఫ్ అయిపోతుంది.

అయిదో స్టెప్: ఆర్ఏ, టీఏ, క్యాంపస్ జాబ్

ఇక్కడ మీరు స్టూడెంటే కాదు ఎంప్లాయీ కూడా, కాబట్టి లేబర్ చట్టాలు కూడా మీవి. 2023 జూన్ 27 నుంచి అమల్లో ఉన్న ప్రెగ్నెంట్ వర్కర్స్ ఫెయిర్‌నెస్ యాక్ట్ ప్రకారం కనీసం 15 మంది ఉద్యోగులున్న చోట కూర్చుని చేసే పని, బరువులు ఎత్తకపోవడం, అపాయింట్‌మెంట్లకి టైమ్, ఇలాంటి సర్దుబాట్లు అడగొచ్చు. 2022 డిసెంబర్‌లో వచ్చిన పంప్ యాక్ట్ ప్రకారం డెలివరీ తర్వాత ఏడాది పాటు పాలు పంప్ చేసుకోడానికి బ్రేక్, ఎవరూ తొంగిచూడని గది ఇవ్వాలి, బాత్రూమ్ చూపించి పొమ్మంటే కుదరదు. స్టూడెంట్‌గా ఆ గది హక్కు 2024 రూల్స్‌తో పాటే పోయినా ఎంప్లాయీల కోసం కట్టిన గదులు క్యాంపస్‌లో ఎలాగూ ఉంటాయి, చాలా చోట్ల స్టూడెంట్లకీ ఇస్తారు. మా దగ్గర లైబ్రరీ మూడో అంతస్తులో ఉండేది, తాళం సర్క్యులేషన్ డెస్క్‌లో ఐడీ కార్డు ఇచ్చి తీసుకోవాలి, వెళ్లి రావడానికే పది నిమిషాలు, పంప్ ఇరవై నిమిషాలు, అందుకే క్లాసుల మధ్య కనీసం నలభై నిమిషాల గ్యాప్ ఉండేలా టైమ్‌టేబుల్ వేసుకున్నాను. ముందే ఒకసారి నడిచి చూసుకోండి, ఫ్రిజ్ ఉందో లేదో కూడా.

ఎఫ్ఎంఎల్ఏ అని 12 వారాల లీవ్ చట్టం గురించి వింటూ ఉంటాం, జీతం ఉండదు కానీ ఉద్యోగం ఉంటుంది. దానికి 12 నెలల సర్వీసు, గడిచిన ఏడాదిలో 1,250 గంటల పని, 50 మంది ఉద్యోగులు ఉండాలి. వారానికి 20 గంటలు ఏడాదంతా చేసినా 1,040 గంటలే, అంటే రాదు. కానీ సమ్మర్ సెలవుల్లో క్యాంపస్‌లోనే 12 వారాలు 40 గంటల చొప్పున చేసుంటే ఇంకో 240 కలిసి 1,280 అవుతుంది, అప్పుడు గీత దాటేస్తారు. మీ టైమ్‌షీట్లు తీసి కూడి చూసుకోండి, హెచ్ఆర్ వాళ్లు వాళ్లంతట వాళ్లు చూసి చెప్పరు. ఫెలోషిప్ మీద ఉండి ఎంప్లాయీ కాకపోతే ఇవేవీ వర్తించవు, టైటిల్ నైన్ ఒక్కటే.

ఆరో స్టెప్: ఇన్సూరెన్స్, డబ్బులు

యూనివర్సిటీ ప్లాన్ ఖరీదని, అది వద్దని వేవర్ పెట్టి బయట చవక ప్లాన్ తీసుకున్నవాళ్లు ఇప్పుడే ఆ కాగితాల్లో మెటర్నిటీ అన్న లైను చదవండి. చాలా చవక ప్లాన్లలో అసలు ఉండదు, లేదా ప్లాన్ మొదలయ్యాకే ప్రెగ్నెన్సీ వచ్చి ఉండాలని షరతు. పిల్లలు కావాలనుకుంటున్నవాళ్లు ముందు ఏడాదే మారడం మంచిది. బిడ్డ పుట్టాక మామూలుగా 30 రోజుల్లోపు ప్లాన్‌లో చేర్చాలి, నిద్ర లేని ఆ నెలలో ఇది మర్చిపోవడం చాలా తేలిక, ఫోన్‌లో అలారం పెట్టి మీ ఆయనకి అప్పజెప్పండి.

సిటిజన్, గ్రీన్‌కార్డ్ వాళ్లకి: పిల్లల ఖర్చు సగానికి పైగా మీరే పెడుతుంటే ఫాఫ్సాలో (ఫెడరల్ ఆర్థిక సాయం కోసం పెట్టే అప్లికేషన్) మీరు ఇండిపెండెంట్, మీ అమ్మానాన్నల ఆదాయం లెక్కలోకి రాదు. తక్కువ ఆదాయం ఉన్న అండర్‌గ్రాడ్‌లకి తిరిగి కట్టక్కర్లేకుండా ఇచ్చే పెల్ గ్రాంట్ 2025-26లో గరిష్ఠంగా 7,395 డాలర్లు. ఇంకా ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి వెళ్లి కాస్ట్ ఆఫ్ అటెండెన్స్‌లో (చదువుకి మొత్తం ఎంతవుతుందని కాలేజీ వేసే లెక్క) డిపెండెంట్ కేర్ కలపమని అడగండి, డేకేర్ బిల్లు చూపిస్తే మీ ఎయిడ్ పరిమితి పెరుగుతుంది, అడగనివాళ్లకి కలపరు. తిండి సరుకులకి ప్రభుత్వం ఇచ్చే స్నాప్ సాయం మామూలుగా కాలేజీ స్టూడెంట్లకి ఇవ్వరు కానీ ఆరేళ్ల లోపు బిడ్డని చూసుకుంటుంటే మినహాయింపు ఉంది. ఎఫ్-1 వాళ్లకి ఫాఫ్సా లేదు, స్నాప్ లేదు. గర్భిణులకి, బాలింతలకి, అయిదేళ్ల లోపు పిల్లలకి ఆహారం ఇచ్చే విక్ మాత్రం ఇమ్మిగ్రేషన్ స్టేటస్‌తో ముడిపెట్టిన పథకం కాదు, కానీ ప్రభుత్వ సాయం ఏది తీసుకునే ముందైనా ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. క్యాంపస్ ఫుడ్ ప్యాంట్రీకి ఇవేమీ అక్కర్లేదు, ఐడీ కార్డు చాలు, మొహమాటపడకండి.

ఏడో స్టెప్: డేకేర్, ఇల్లు

క్యాంపస్ డేకేర్ వెయిటింగ్ లిస్టులో పేరు ప్రెగ్నెన్సీలోనే ఇవ్వండి, బిడ్డ పుట్టాక అంటే ఏడాది వెనకబడతారు. సీక్యాంపిస్ అని ఒక ఫెడరల్ గ్రాంట్ ఉంది, స్టూడెంట్ పేరెంట్స్ డేకేర్ ఫీజు తగ్గించడానికి కాలేజీలకిస్తారు. అన్ని కాలేజీలకీ ఉండదు. పెల్ వచ్చేవాళ్లకే అని అందరూ అనుకుంటారు కానీ, గ్రాడ్ స్టూడెంట్ కావడం వల్లో తాత్కాలిక వీసా మీద ఉండటం వల్లో మాత్రమే పెల్ రానివాళ్లని కూడా ఆ చట్టం తక్కువ ఆదాయ విద్యార్థులుగానే లెక్కేస్తుంది. కాబట్టి మీ కాలేజీలో ఉంటే, మేం ఎఫ్-1 కదా అని మీకు మీరే తలుపు వేసుకోకుండా అడగండి.

అమ్మో అత్తయ్యో విజిటర్ వీసా మీద వస్తే మన బిడ్డని చూసుకోవడం వేరు, పక్కింటి తెలుగువాళ్ల పిల్లల్ని కూడా డబ్బులు తీసుకుని చూడటం వేరు, రెండోది చేయించకండి. ఎఫ్-2 (ఎఫ్-1 వాళ్ల భార్య లేదా భర్తకి ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్లకీ అంతే, పని చేయకూడదు, పార్ట్‌టైమ్ చదువుకోవచ్చు.

అపార్ట్‌మెంట్ వాళ్లు "పిల్లలున్నవాళ్లకి ఇవ్వం" అంటే అది ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ ప్రకారం తప్పు, గర్భిణులకీ ఆ రక్షణ ఉంది. ఓనర్ అందులోనే ఉంటున్న చిన్న ఇళ్లు, వృద్ధుల కమ్యూనిటీలు మాత్రం మినహాయింపు.

నాన్నలకి

మీ భార్య డెలివరీ మీ మెడికల్ కారణం కాదు, అందుకే మీకు రెడ్యూస్డ్ కోర్స్ లోడ్ రాదు, ఫుల్ లోడ్ ఉండాల్సిందే. కానీ కాలేజీ తల్లులకి కోలుకోవడం కోసం కాకుండా బిడ్డని చూసుకోవడం కోసం లీవ్ ఇస్తుంటే తండ్రులకీ అదే ఇవ్వాలి, తల్లి తండ్రి అని తేడా చూపించడం టైటిల్ నైన్‌కి విరుద్ధం. క్యాంపస్ జాబ్‌లో పైన చెప్పిన 1,250 గంటలు ఉంటే ఎఫ్ఎంఎల్ఏ మీకూ వస్తుంది. అసలు అడిగే నాన్నలే తక్కువ. మా ఆయన వాళ్ల ప్రొఫెసర్‌ని అడిగి రెండు వారాల హోంవర్క్ డెడ్‌లైన్లు జరిపించుకున్నారు, ఒక్క మెయిల్‌తో.

బిడ్డకి జ్వరం వస్తే?

ఇది నిజాయితీగా చెప్పాలి. మీ ప్రెగ్నెన్సీ, మీ కోలుకోవడం వరకే ఫెడరల్ రక్షణ గట్టిది. ఏడాది పిల్లాడికి చెవి ఇన్ఫెక్షన్ వచ్చి డేకేర్ వాళ్లు తీసుకెళ్లమంటే, ఆ ఆబ్సెన్స్ ఎక్స్‌క్యూజ్ చేయాలని ఫెడరల్ రూల్ ఏదీ లేదు, మీ రాష్ట్రం చట్టం, కాలేజీ పాలసీ మీద ఆధారపడి ఉంటుంది. అందుకే సెమిస్టర్ మొదటి వారంలోనే ప్రతి ప్రొఫెసర్‌కీ చిన్న పిల్లాడున్నాడని, అత్యవసరమైతే ఏం చేయాలని అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి. ఎగ్జామ్ రోజుకి మాత్రం ఒక బ్యాకప్ మనిషిని మాట్లాడి పెట్టుకోండి, మేం ఇంకో రెండు తెలుగు జంటలతో వంతులు వేసుకున్నాం.

కుదరదు అంటే

ముందు కోఆర్డినేటర్‌కి రాతపూర్వక ఫిర్యాదు. అక్కడా కదలకపోతే ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌లోని ఆఫీస్ ఫర్ సివిల్ రైట్స్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చు లేదు, జరిగిన రోజు నుంచి 180 రోజుల్లోపు వేయాలి. 2025 మార్చిలో వాళ్ల 12 రీజనల్ ఆఫీసుల్లో ఏడు మూసేశారు, కాబట్టి జవాబు ఈ సెమిస్టర్‌లోనే వస్తుందని ఆశ పెట్టుకోకండి, కాలేజీ లోపలి దారిని వదలకుండా పట్టుకోండి. ఫిర్యాదు చేశారని ఫండింగ్ తీసేయడం, గ్రేడ్ తగ్గించడం కూడా చట్టవిరుద్ధమే, అలా జరిగితే దాని మీద విడిగా ఇంకో ఫిర్యాదు వేయొచ్చు.

అందుకే మొదటి రోజు నుంచే ఒక ఫోల్డర్ పెట్టుకోండి. డాక్టర్ లెటర్, కోఆర్డినేటర్ మెయిళ్లు, డీఎస్ఓ ఆథరైజ్ చేశాక ఇచ్చిన కొత్త ఐ-20, ప్రతి సెమిస్టర్ సిలబస్, ఎవరితో ఏ తేదీన ఏం మాట్లాడారో రెండు లైన్లు. యూనివర్సిటీ మెయిల్‌లో మాత్రమే ఉంచకండి, చదువయ్యాక ఆ అకౌంట్ తీసేస్తారు, మీ సొంత మెయిల్‌కి కూడా ఒక కాపీ పంపుకోండి. నా ఓపీటీ అప్లికేషన్ అప్పుడు ఆ ఫాల్ సెమిస్టర్‌లో మూడే క్రెడిట్లు ఎందుకున్నాయని ప్రశ్న వచ్చింది, ఫోల్డర్ తెరిచి ఎండీ సంతకం ఉన్న ఆ లెటరూ, దాని తేదీ కంటే తర్వాత తేదీతో ఉన్న డ్రాప్ కన్ఫర్మేషనూ పక్కపక్కన పెట్టి పంపించాను, పది నిమిషాల పని.